ఎండలు ముదరకముందే వానపాముల బెడ్లు చూసుకోండి

వానపాములతో (ఎర్రలతో) ఎరువు చేసే పక్క ఊరి అక్క పోయిన వారం పొద్దున్నే ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఎర్రలన్నీ బెడ్డు గోడలెక్కి పోతున్నాయి, ఒక్కసారి రా" అని. వెళ్లేసరికే ఆలస్యమైపోయింది. గోనె పట్టా ఎత్తితే కుళ్లు వాసన. లోపల చెయ్యి పెడితే చుర్రుమంది. ఆరు బెడ్లలో నాలుగు పోయాయి. సంఘంలో లోను తీసుకుని కొన్న వానపాములవి.

కారణం పచ్చి పేడ. ఎరువుకి ఆర్డరు వచ్చిందన్న తొందరలో, రెండు రోజుల నాటి పేడ ట్రాక్టరుతో తోలించి నేరుగా బెడ్లలో నింపేసింది. పదేళ్లుగా చూస్తున్నా, ఈ పనిలో చితికిపోయినవాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పు ఇదే. పచ్చి పేడ మురిగేటప్పుడు వేడి పుడుతుంది. కుప్ప నడుమ 50 డిగ్రీలు దాటుతుంది. వానపాములకు 20 నుంచి 30 డిగ్రీలైతే హాయి, 35 దాటితే కష్టం. మూత్రం కలిసిన పేడైతే అమ్మోనియా ఘాటు కూడా తోడవుతుంది. చలికాలంలో కొన్నయినా బతుకుతాయి. ఎండాకాలంలో పైన ఎండ, కింద ఆవిరి, ఎటు పోతాయి?

పేడను నీడలో కుప్ప పోసి, నీళ్లు చల్లి, తిరగేస్తూ కనీసం 15, 20 రోజులు మగ్గనివ్వండి. మోచేతి దాకా చెయ్యి దూర్చండి. వెచ్చగా తగిలితే ఇంకా ఆగాలి. చల్లారిందనిపిస్తే బక్కెట్లో కాస్త పేడ వేసి పది వానపాములను వదలండి. తెల్లారేసరికి లోపలికి దూరి ఉంటే సరే. అంచులెక్కితే ఆ పేడ ఇంకా పచ్చిదే, వేయకండి.

నీడకు తాటాకు పందిరి మేలు. రేకుల షెడ్డయితే పైన వరిగడ్డి పరిచి తడపండి, పడమటి వైపు గోనె పట్టాలు కట్టండి.

తడి సరిపోయిందా అంటే, పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువైనట్టే. ఎండకు కాగిన పైపులోని నీళ్లు ముందు బయట పారబోయండి, ఆ మొదటి బిందెడు నీళ్లే వేడినీళ్లు.

చీమలకు బెడ్డులో మందు చల్లకండి, చుట్టూ నీళ్ల కాలువ తీయండి. పురుగుమందు కొట్టిన చొప్ప వద్దు. పచ్చి కోళ్ల పెంట అసలే వద్దు. నిమ్మ తొక్కలు, మిరప తొడిమలు వద్దు. బెడ్డులో మేత రెండడుగుల ఎత్తు మించకండి. అన్ని బెడ్లకూ ఒకే రోజు కొత్త మేత వేయకండి, పొరపాటు జరిగినా ఒక్క బెడ్డుతో పోవాలి. ఎరువు తీసే ముందు నాలుగు రోజులు నీళ్లు ఆపి, పై పొర చేత్తో తీయండి, పార పెట్టకండి. ఎరువును ఎండలో ఆరబోయకండి, 15 నుంచి 25 శాతం తేమ ఉండాలన్నది నిబంధన. ఒక బెడ్డు వానపాములను ఎప్పుడూ విత్తనానికి ఉంచండి, ఎవరడిగినా అమ్మకండి. వానపాములు గోడలెక్కుతుంటే తెల్లారనివ్వకండి, అప్పటికప్పుడు ఆ మేత తోడేయండి. ఎరువు కొనే ఆయన తొందరపెడితే ఇరవై రోజులు ఆగమనండి. పచ్చి పేడ మాత్రం వేయకండి.