రీసెర్చ్ పోస్టర్ ఎలా తయారు చేయాలి?

సదస్సుల్లో పరిశోధకులు తమ పనిని ఒక్కో పెద్ద పోస్టర్ మీద పెట్టి చూపించే పోస్టర్ సెషన్ దేనికైనా వెళ్లి చూడండి. సగం పోస్టర్లు రీసెర్చ్ పేపర్‌నే ముక్కలు చేసి పెట్టెల్లో సర్దినట్టుంటాయి, అబ్‌స్ట్రాక్ట్‌తో (సారాంశంతో) సహా! నిలబడి, మెడ ఎత్తి, పక్కన ఎవరో మాట్లాడుతుంటే అదంతా ఎవరు చదువుతారు?

సైజు, సాఫ్ట్‌వేర్ సంగతి తొందరగా తేల్చేద్దాం. ఎంత సైజు, నిలువా అడ్డమా అన్నది నిర్వాహకులను ముందే అడగండి. చాలాచోట్ల ఏ0 అంటారు, అంటే 841 × 1189 మిల్లీమీటర్లు. పవర్‌పాయింట్, ఇంక్‌స్కేప్, లేటెక్... చేతికి అలవాటైనది వాడండి. పవర్‌పాయింట్ అయితే స్లైడ్ సైజు మొదటే మార్చుకోవాలి. అన్నీ సర్దాక మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

శీర్షికలోనే ఫలితం చెప్పేయండి. ‘నీటి తగ్గింపు ప్రభావంపై ఒక అధ్యయనం’ అంటే ఏం తేలిందో తెలియదు. ‘నీళ్లు పావు వంతు తగ్గించినా దిగుబడి తగ్గలేదు’ అంటే దారిన పోయేవాడు కూడా ఆగుతాడు. శీర్షిక అక్షరాలు 85 పాయింట్లకు, మిగతావి 24కు తగ్గకూడదు. బ్యాక్‌గ్రౌండ్ తెలుపే. వెనకాల ఫొటో పరిచారంటే ముందున్న అక్షరాలను మీరే చంపుకున్నట్టు. మొత్తం 400 మాటలు చాలు. గైడ్ ఇంకో పేరా చేర్చమంటారు. తలూపి ఊరుకోండి.

ఇక అసలు తంటా గ్రాఫ్‌తో. ఎక్కువమంది పోస్టర్ పాడయ్యేది ఇక్కడే.

మొదటి పొరపాటు, పేపర్‌లోని గ్రాఫ్‌ను స్క్రీన్‌షాట్ తీసి సాగదీయడం. జర్నల్‌లో ఒక కాలమ్ కోసం గీసిన బొమ్మను నాలుగైదు రెట్లు పెంచితే అంచులు చెదురుతాయి, గీతలు మసకబారతాయి. డేటా నుంచి మళ్లీ గీయండి. ఎస్‌వీజీ (వెక్టర్ బొమ్మల ఫైల్) గానో పీడీఎఫ్‌గానో సేవ్ చేస్తే గీతలు ఎంత పెంచినా చెదరవు. ఫొటోలకైతే ప్రింటయ్యే సైజులో అంగుళానికి 150 పిక్సెళ్లయినా ఉండాలి.

మళ్లీ గీసేటప్పుడు పాతదాన్నే దించకండి. పేపర్‌లో ఆరు గీతలుంటాయి, మూలన ఏ రంగు దేనిదో చెప్పే లెజెండ్ ఉంటుంది. చూసేవాడు గీత రంగు చూసి, మూలకెళ్లి వెతికి, తిరిగొచ్చేసరికి ఏ గీత చూస్తున్నాడో మర్చిపోతాడు. లెజెండ్ తీసేయండి. ప్రతి గీత చివరే దాని పేరు, అదే రంగులో రాయండి. ‘టీ3’ లాంటి కోడ్‌లు మీ ల్యాబ్ బయట ఎవరికీ తెలియవు, ‘పావు వంతు తక్కువ నీరు’ అనే రాయండి. మీ మాటను నిలబెట్టే రెండు గీతలకే ముదురు రంగు, మిగతా నాలుగింటికీ లేత బూడిద రంగు. అవి మాయం కావు, అడ్డం మాత్రం రావు.

ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వాడకండి. ఆ తేడా పట్టలేనివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, మీరనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు. నీలం, నారింజ వాడండి. విలువలను రంగులతో చూపే హీట్‌మ్యాప్ అయితే ఇంద్రధనుస్సు రంగుల ‘జెట్’ వదిలేసి ‘విరిడిస్’ అనే రంగుల వరుస తీసుకోండి. బార్ గ్రాఫ్ సున్నా నుంచే మొదలవ్వాలి. ఎర్రర్ బార్లు (విలువ ఎంత అటూ ఇటూ కావచ్చో చూపే గీతలు) ఉంటే అవి స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా అని కిందే రాయండి. రాయకపోతే మొదటి ప్రశ్న అదే వస్తుంది.

2019లో మైక్ మారిసన్ అనే పరిశోధకుడు వేరే పద్ధతి చెప్పాడు: పోస్టర్ మధ్యలో ముఖ్య ఫలితాన్ని ఒక్క వాక్యంగా, పేద్ద అక్షరాల్లో పెట్టాలి, పక్కన క్యూఆర్ కోడ్ ఉండాలి. బాగా పాకింది. వాక్యం ఒక్కటే ఉండాలన్నది నాకూ నచ్చింది, కానీ మధ్య స్థలం వాక్యానికి ఇవ్వడం దండగ. వాక్యం శీర్షికలో ఎలాగూ ఉంది. మధ్యలో గ్రాఫ్ ఉంటే వచ్చినవాళ్లకు వేలు పెట్టి చూపించొచ్చు.

ప్రింట్‌కు ఇచ్చేముందు ఏ4 మీద ఒక కాపీ తీయండి. ఏ0ను ఏ4కు కుదిస్తే పొడవూ వెడల్పూ సరిగ్గా నాలుగో వంతవుతాయి, 24 పాయింట్ల అక్షరం 6 పాయింట్లకు వస్తుంది. దాన్ని మామూలుగా చేత్తో పట్టుకుని చదవగలిగితే సరే. కళ్లు చికిలించాల్సి వస్తే మాటలు తగ్గించి అక్షరాలు పెంచండి. క్యూఆర్ కోడ్ పెట్టి ఉంటే దాన్ని ఆ కాగితం మీదే ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి. ఫైల్ పీడీఎఫ్‌లో, ఫాంట్లు ఎంబెడ్ చేసి (ఫైల్‌లోనే కలిపి) ఇవ్వండి, లేదంటే షాపు కంప్యూటర్‌లో అక్షరాలు వేరే ఫాంట్‌లోకి మారిపోవచ్చు. స్క్రీన్ మీద మెరిసే నీలం కాగితం మీద కాస్త డల్ అవుతుంది, దానికి టెన్షన్ పడకండి.