పాత లాప్‌టాప్‌కి గ్రాఫిక్స్ డ్రైవర్: ఏది కావాలో కనుక్కుని ఎక్కించే పద్ధతి

విండోస్ కొత్తగా వేయించాక అక్షరాలు లావుగా, మసకగా కనిపిస్తున్నాయి. తెలుగు పేజీ తెరిస్తే వత్తులు పై అక్షరానికి అతుక్కుపోతున్నాయి. బ్రైట్‌నెస్ ఎంత తగ్గించినా తగ్గడం లేదు. యూట్యూబ్ వీడియో ఆగి ఆగి నడుస్తోంది. ఇవన్నీ కలిసి వచ్చాయంటే లాప్‌టాప్‌కి గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే బొమ్మ గీసే చిప్‌ని విండోస్ వాడుకోవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్, లేనట్టే. సరైన డ్రైవర్ దొరకనప్పుడు విండోస్ 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అనే తన సొంత డ్రైవర్‌తో నెట్టుకొస్తుంది. అప్పుడు బొమ్మ గీసే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది.

చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో, ఒంగోలు, నెల్లూరు షాపుల్లోనో సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటి లాప్‌టాప్‌లతో ఈ గొడవ ఎక్కువ. 'లేటెస్ట్ డ్రైవర్' అని వెతకడం దగ్గరే అందరూ దారి తప్పుతారు. పదేళ్లు దాటిన చిప్‌కి లేటెస్ట్ అంటూ ఉండదు, కంపెనీ దానికోసం చేసిన ఆఖరి డ్రైవర్ ఉంటుంది. దాన్ని పట్టుకోవాలి. 'మీ కంప్యూటర్లో 23 డ్రైవర్లు పాతబడ్డాయి' అని భయపెట్టి డబ్బులడిగే అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకండి. మదర్‌బోర్డు డ్రైవర్లు కూడా మార్చేసి, ఉన్న సౌండు, వైఫై పోగొట్టి కూర్చోబెడతాయి.

ముందు తేల్చుకోవాల్సింది

డ్రైవర్ అనేది విండోస్ లోడ్ అయ్యాక పనిలోకి వస్తుంది. కాబట్టి ఆన్ చేయగానే కంపెనీ లోగో మీదే గీతలు, చుక్కలు కనిపిస్తే, బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీ) స్క్రీన్‌లో కూడా అలాగే ఉంటే, ఎన్ని డ్రైవర్లు మార్చినా లాభం లేదు. అది హార్డ్‌వేర్ జబ్బు. ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ కలిపి చూడండి, వీజీఏ పోర్టే ఉంటే ఏదైనా మానిటర్‌కి కలపండి. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉండి లాప్‌టాప్‌లోనే గీతలుంటే తప్పు డిస్‌ప్లేది గానీ, మడత దగ్గర నలిగే కేబుల్‌ది గానీ. మూత మెల్లగా ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు గీతలు మారితే కేబులే. రెండు చోట్లా గీతలుంటే అనుమానం గ్రాఫిక్స్ చిప్ మీదికి వెళ్తుంది. లోగో, బయోస్ బాగుండి విండోస్‌లోకి వచ్చాకే తేడా చేస్తే అప్పుడు డ్రైవర్ సంగతి చూద్దాం.

చిప్ ఏదో కనుక్కోవడం

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. 'డిస్‌ప్లే అడాప్టర్స్' కింద ఉన్న పేరు మీద రెండుసార్లు నొక్కి, 'డీటెయిల్స్' ట్యాబ్‌లోకి వెళ్లి, ప్రాపర్టీ జాబితాలో 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోండి. అక్కడ పీసీఐ అని మొదలయ్యే పొడవాటి వరుసలు వస్తాయి. మొదటి వరుసలో వీఈఎన్ పక్కన ఉన్న నాలుగు అక్షరాలు చిప్ కంపెనీవి: 8086 అంటే ఇంటెల్, 10డీఈ అంటే ఎన్‌విడియా, 1002 అంటే ఏఎండీ. డీఈవీ పక్కనున్న నాలుగూ చిప్ నంబర్. ఇంటెల్‌లో 0116 అయితే రెండో జనరేషన్ హెచ్‌డీ 3000, 0166 అయితే మూడో జనరేషన్ హెచ్‌డీ 4000, 0416 గానీ 0ఏ16 గానీ అయితే నాలుగో జనరేషన్, 1616 ఐదు, 1916 ఆరు.

అదే వరుసలో సబ్‌సిస్ అని ఎనిమిది అక్షరాలుంటాయి, అందులో చివరి నాలుగూ లాప్‌టాప్ తయారీదారువి. 1028 డెల్, 103సీ హెచ్‌పీ, 17ఏఏ లెనోవో, 1025 ఏసర్, 1043 ఆసుస్. సెకండ్ హ్యాండ్‌లో కింది స్టిక్కర్ చిరిగిపోయినా, బాడీ ఒకటీ బోర్డు ఒకటీ అయినా ఈ నాలుగు అక్షరాలు నిజం చెబుతాయి.

'అదర్ డివైసెస్' కింద పసుపు గుర్తుతో 'వీడియో కంట్రోలర్' అని ఉంటే అది కూడా గ్రాఫిక్స్ చిప్పే. రెండు వీడియో కంట్రోలర్లు కనిపిస్తే లాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ ఉన్నట్టు. పనిలో పనిగా 'జనరల్' ట్యాబ్‌లో కోడ్ ఏముందో చూసుకోండి. 28 అంటే డ్రైవర్ లేదు. 22 అంటే ఎవరో డిసేబుల్ చేశారు, ఎనేబుల్ నొక్కితే చాలు. 52 అంటే డ్రైవర్ సంతకాన్ని విండోస్ ఒప్పుకోవడం లేదు. 43 సంగతి చివర్లో.

ఏ చిప్‌కి ఏది ఆఖరిది

ఇంటెల్ రెండో జనరేషన్‌కి కంపెనీ విండోస్ 10 డ్రైవర్ విడిగా ఇవ్వలేదు. విండోస్ 7, 8లకి ఆఖరిది 9.17.10.4229. విండోస్ 10లో అయితే విండోస్ అప్‌డేటే 9.17.10.4459 తెచ్చుకుంటుంది, నెట్ కలిపి ఒక గంట వదిలేయడమే పని. మూడో జనరేషన్‌కి 15.33 వరుస, నాలుగు, ఐదు జనరేషన్లకి విండోస్ 10లో 15.40 వరుస. ఆరో జనరేషన్ నుంచి పదో జనరేషన్ దాకా 31.0.101తో మొదలయ్యే డ్రైవర్లు నడుస్తాయి.

ఇక్కడే ఒక మాట. హెచ్‌డీ 3000 చిప్ ఓపెన్‌జీఎల్ (సాఫ్ట్‌వేర్లు గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మ గీయించుకునే పద్ధతి) 3.1 దగ్గరే ఆగిపోయింది. ఇప్పటి బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్లు దానిమీద తెరుచుకోకపోతే అది డ్రైవర్ లోపం కాదు, చిప్ తాహతు అంతే. బీటెక్‌లో చేరే పిల్లలకి పాత లాప్‌టాప్ కొనిచ్చేవాళ్లు ఈ విషయం కొనకముందే చూసుకోవాలి.

ఎన్‌విడియాలో పేరు చూసి మోసపోవడం చాలా తేలిక. అందులో చిప్ తరాలకి పాతదాని నుంచి వరుసగా ఫెర్మీ, కెప్లర్, మాక్స్‌వెల్, పాస్కల్ అని పేర్లు. 820ఎం కొత్తదిలా కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది పాత ఫెర్మీ చిప్, దానికి ఆఖరి డ్రైవర్ 391.35. 920ఎం కెప్లర్, 920ఎంఎక్స్ మాత్రం మాక్స్‌వెల్. లాప్‌టాప్ కెప్లర్ చిప్‌లకి 2019లో వచ్చిన 425.31తో కొత్త గేమ్ డ్రైవర్లు ఆగిపోయాయి. మాక్స్‌వెల్, పాస్కల్ చిప్‌లకి 580 వరుస దాకా ఉన్నాయి. అందుకే సైట్లో పైన మెరిసే డ్రైవర్ కాకుండా మోడల్ నంబర్ మొత్తం ఎంచుకుని, 'నోట్‌బుక్స్' అని ఉన్న జాబితాలోనే తీసుకోండి.

ఏఎండీ కూడా అంతే. హెచ్‌డీ 5000, 6000 వరుసలకి ఆఖరి పక్కా డ్రైవర్ కేటలిస్ట్ 15.7.1, దాని తర్వాత క్రిమ్సన్ 16.2.1 బీటా. పేరుకి 7000 వరుసలోవే అయినా 7400ఎం, 7500ఎం, 7600ఎంలు ఈ పాత గుంపులోకే వస్తాయి. వాటి తర్వాత వచ్చిన జీసీఎన్ అనే చిప్ కుటుంబంలో తొలితరం వాటికి 2022 జూన్ నాటి 22.6.1.

వెతికే వరుస ఇది: మొదట లాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ, అక్కడ లేకపోతే చిప్ కంపెనీ, అక్కడా లేకపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ అనే వెబ్‌సైట్. ఇంటెల్ తన పాత డ్రైవర్లు చాలావరకు సైట్లోంచి తీసేసింది కాబట్టి ఈ మూడోది బాగా అక్కరకొస్తుంది. హార్డ్‌వేర్ ఐడీలో డీఈవీ నంబర్ దాకా ఉన్న ముక్కను కాపీ చేసి కేటలాగ్ వెతుకు పెట్టెలో అతికించండి. దిగేది క్యాబ్ ఫైల్ (జిప్ లాంటి మూట), సెవెన్ జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక ఫోల్డర్‌లోకి విప్పుకోవచ్చు. దింపుకునే ముందు మీది 32 బిట్ విండోసా 64 బిట్టా అన్నది సెట్టింగ్స్‌లో 'అబౌట్' పేజీలో చూసుకోండి. రెండు జీబీ ర్యామ్ ఉన్న పాతవాటిలో షాపులవాళ్లు 32 బిట్ వేసి ఉంటారు.

ఎక్కించడం

ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే సగం ఎక్కిన డ్రైవర్ మిగులుతుంది. పాత లాప్‌టాప్ బ్యాటరీ ఎటూ చచ్చిపోయి ఉంటుంది కాబట్టి ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్గులోనే పెట్టండి.

ఇప్పుడున్న డ్రైవర్ కొంతైనా పనిచేస్తుంటే దాన్ని దాచుకోండి. సీ డ్రైవ్‌లో విండోస్, దాంట్లో సిస్టమ్32, దాంట్లో డ్రైవర్‌స్టోర్, అందులో 'ఫైల్ రిపాజిటరీ' ఫోల్డర్ ఉంటుంది. దాన్ని మొత్తంగా పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. రేపు విండోస్ మళ్లీ వేసినా, డివైస్ మేనేజర్‌లో 'అప్‌డేట్ డ్రైవర్' నొక్కి ఈ ఫోల్డర్ చూపిస్తే సౌండు, వైఫైతో సహా అన్నీ ఇందులోంచే ఎక్కుతాయి. ఫార్మాట్‌కి షాపులో ఇచ్చేముందు ఈ పని చేసుకుంటే ఎంతో తిప్పట తప్పుతుంది.

తర్వాత వైఫై ఆపేయండి. ఆపకపోతే మీరు ఒకటి ఎక్కిస్తుండగానే విండోస్ అప్‌డేట్ ఇంకోటి తెచ్చి మధ్యలో దూరుస్తుంది. పాత డ్రైవర్‌ని డివైస్ మేనేజర్‌లో 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' నొక్కి, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా తొలగించమనే గడిలో టిక్కు పెట్టి తీసేయండి. అంతకుముందు రెండు మూడు డ్రైవర్లు వేసి కలగాపులగం అయిపోయి ఉంటే సేఫ్ మోడ్‌లో (విండోస్ అత్యవసరమైన వాటితోనే తెరుచుకునే పద్ధతి) డీడీయూ అనే ఉచిత టూల్‌తో కడిగేయడం మేలు. మామూలు కేసులకి అది అక్కర్లేదు. సేఫ్ మోడ్‌కి షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ దగ్గర పెట్టుకోకుండా ఇటు అడుగేయొద్దు.

రీస్టార్ట్ అయ్యాక సెటప్ ఫైల్ నడపండి. ఇంటెల్‌లో 'ఈ డ్రైవర్ మీ కంప్యూటర్‌కి నిర్ధారించినది కాదు' అని అర్థం వచ్చే మెసేజ్‌తో ఆగితే కంగారు పడొద్దు. లాప్‌టాప్ కంపెనీ సొంత డ్రైవరే వాడాలని పెట్టిన అడ్డు అది. దాటే దారి ఇది: సెటప్ బదులు జిప్ రూపంలో ఉన్న డ్రైవర్ తీసుకుని విప్పండి. డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, 'బ్రౌజ్ మై కంప్యూటర్', 'లెట్ మీ పిక్', 'హ్యావ్ డిస్క్' అని వరుసగా వెళ్లి, విప్పిన ఫోల్డర్‌లో గ్రాఫిక్స్ అని ఉన్న చోట ఐఎన్ఎఫ్ ఫైల్ (డ్రైవర్ ఏ చిప్‌లకో రాసి ఉండేది) చూపించండి. జాబితాలో మీ చిప్ పేరు కనిపిస్తే నెక్స్ట్. స్క్రీన్ రెండు మూడుసార్లు నల్లబడి వెలుగుతుంది, అది మామూలే. పేరు కనిపించకపోతే ఆ డ్రైవర్ మీది కాదు, బలవంతంగా వేరే పేరు ఎంచుకోకండి.

రెండు గ్రాఫిక్స్ ఉంటే ఇంటెల్‌ది ముందు, రీస్టార్ట్, ఆ తర్వాతే ఎన్‌విడియా. లాప్‌టాప్ స్క్రీన్‌కి బొమ్మ వెళ్లేది ఇంటెల్ ద్వారానే, రెండోది దానికి వెనక నుంచి సాయం చేస్తుంది. ఇంటెల్ లేకుండా ఎన్‌విడియా వేయబోతే 'సరిపడే హార్డ్‌వేర్ కనబడలేదు' అనే మాట రావచ్చు. ఇంటెల్, ఏఎండీ జంట ఉన్న 2011–2013 నాటి హెచ్‌పీ, డెల్‌లు ఇంకా పేచీకోరువి. వాటికి లాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన జంట ప్యాకేజీనే వేయండి, విడివిడిగా కొత్తవి తెచ్చి కలిపితే నల్ల స్క్రీన్ ఖాయమనుకోవచ్చు.

డీటీపీ సెంటర్లు కొన్ని పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం ఇంకా విండోస్ 7నే నడుపుతున్నాయి. అక్కడ కోడ్ 52 వస్తే డ్రైవర్ తప్పు కాదు. ఎస్‌హెచ్‌ఏ-2 అనే కొత్తరకం డ్రైవర్ సంతకాన్ని గుర్తించే అప్‌డేట్ కేబీ 4474419 ఆ విండోస్‌లో లేదు, అది వేస్తే సరిపోతుంది.

ఎక్కాక వచ్చే చిక్కులు

స్క్రీన్ నల్లగా ఉండిపోతే ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. కదలకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, ఆన్ చేసి విండోస్ లోడ్ అవుతుండగా మళ్లీ ఆపేయండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే రికవరీ పేజీ వస్తుంది, అక్కణ్నించి సేఫ్ మోడ్‌కి వెళ్లి డ్రైవర్ తీసేయొచ్చు.

బాగా నడుస్తున్నది వారం తర్వాత మళ్లీ చెడిందంటే విండోస్ అప్‌డేట్ మార్చేసి ఉంటుంది. డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కి, ఆపైన కంట్రోల్ ప్యానెల్లో సిస్టమ్ ప్రాపర్టీస్, హార్డ్‌వేర్, 'డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్'లో 'నో' పెట్టండి. ఇంటెల్ రెండో జనరేషన్‌వాళ్లు మాత్రం డ్రైవర్ వచ్చాకే ఇది పెట్టుకోవాలి.

వీడియో చూస్తుంటే స్క్రీన్ క్షణం నల్లబడి 'డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆపి తిరిగి కోలుకుంది' అనే మెసేజ్ పదేపదే వస్తే, డ్రైవర్ మార్చేముందు వెనక మూత విప్పించండి. మే నెలలో గది వేడికి తోడు ఫ్యాన్ జాలీ మూసుకుపోతే చిప్ తట్టుకోలేదు. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము జాలీలో గట్టిగా పేరుకుంటుంది. ఇందుకూరుపేట, కొత్తపట్నం తీరంలో ఉప్పుగాలికి చిప్ వేడిని లాగే రాగి గొట్టం పచ్చబారుతుంది. రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని దుమ్ము ఊదండి. చిప్ మీద ఎండిన థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెడితే చాలు. మెత్తని ప్యాడ్ ఉన్నచోట పేస్టు పెట్టకూడదు, మందం చాలక చిప్‌కి లోహం తగలదు.

ఇక కోడ్ 43. సరైన డ్రైవర్ శుభ్రంగా వేశాక కూడా ఎన్‌విడియా, ఏఎండీ చిప్ మీద ఇదే వస్తూ ఉంటే చిప్ చివరి దశలో ఉన్నట్టే. షాపులో 'చిప్ హీట్ చేస్తే అయిపోద్దన్నా' అంటారు. వేడి చేసినప్పుడు నిజంగానే బతుకుతుంది, కానీ కొన్ని వారాలకో నెలలకో మళ్లీ పడుకుంటుంది, ఎందుకంటే సాధారణంగా దెబ్బతిన్నది చిప్ లోపలి అతుకు, బోర్డు మీద కనిపించేది కాదు. చిప్ మార్చడానికయ్యే ఖర్చుకి ఇంకాస్త కలిపితే మరో సెకండ్ హ్యాండ్ బోర్డే వస్తుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా ఉన్న లాప్‌టాప్ అయితే ఆ డబ్బు పెట్టక్కర్లేదు. థింక్‌ప్యాడ్ టీ420 బయోస్‌లో కాన్ఫిగ్, డిస్‌ప్లే కింద 'ఇంటిగ్రేటెడ్' ఎంచుకోండి. లాటిట్యూడ్ ఈ6420లో వీడియో కింద ఆప్టిమస్ టిక్కు మాత్రం తీయకండి, తీస్తే ఇంటెల్ ఆగిపోయి ఎన్‌విడియా ఒక్కటే మిగులుతుంది. బయోస్‌లో 'ఇంటిగ్రేటెడ్' లాంటిది లేకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ చిప్‌ని డిసేబుల్ చేయండి. గేములు ఆడలేరు గానీ టైపింగు, బ్రౌజింగు, ఆన్‌లైన్ క్లాసులు ఇంటెల్ ఒక్కదానితోనే సాగుతాయి, వేడి కూడా తగ్గుతుంది.