న్యూరోమార్ఫిక్ చిప్ లెక్కలు – 4వ పాఠం: వంద రెట్ల ఆదా ఎటు పోయింది?

న్యూరోమార్ఫిక్ చిప్ అంటే మెదడు పనిచేసే పద్ధతిని అనుకరించే చిప్. అందులోని కృత్రిమ న్యూరాన్లు (నాడీకణాలు) ఒకదానికొకటి పంపుకునే చిన్న సంకేతమే స్పైక్, దాన్ని పోయిన పాఠంలో చూశాం. శబ్దమో కదలికో వచ్చినప్పుడే ఈ చిప్‌లో పని నడుస్తుంది, మిగతా సమయంలో కరెంటు దాదాపు తినదు. 2014లో ఐబీఎం చూపించిన ట్రూనార్త్ చిప్ పది లక్షల న్యూరాన్లతో సుమారు 70 మిల్లీవాట్లకే నడిచింది. ఇలాంటి అంకె వినగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశని కాగితం మీద పెట్టి చూడటం ఇవాళ్టి పాఠం.

ఒక పరికరం అనుకుందాం. కిటికీ పక్కన గోడకి అంటించి ఉంటుంది. అద్దం పగిలిన చప్పుడు వినిపిస్తే ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. లోపల రెండు పెన్సిల్ సెల్స్. ఒక్కోటి 1.5 వోల్టులు, 2500 మిల్లీఆంప్ అవర్లు అనుకుంటే, రెండూ కలిపి 3 × 2500 = 7500 మిల్లీవాట్ అవర్లు. మన చేతిలో ఉన్న సొమ్ము ఇంతే.

ఇక ఖర్చు. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడం కోసం నేను వేసినవి, మీ పరికరానికి డేటాషీట్ చూసి వేసుకోండి. మైక్ 0.3, మామూలు చిప్ 2, రేడియో సగటున 0.2 మిల్లీవాట్లు. మొత్తం 2.5. 7500ని 2.5తో భాగిస్తే 3000 గంటలు. అంటే 125 రోజులు.

ఇప్పుడు చిప్ ఒక్కటే మార్చండి. కొత్తది, అంటే న్యూరోమార్ఫిక్ చిప్, వంద రెట్లు తక్కువ తింటుందనుకుందాం, 2 కాస్తా 0.02 అయింది. మొత్తం 0.52. మళ్ళీ భాగించండి: సుమారు 14,400 గంటలు, అంటే 600 రోజులు. వంద రెట్లు అన్నది చివరికి ఐదు రెట్లకి కూడా కాస్త తక్కువే వచ్చింది. మైకూ రేడియో ఎప్పట్లాగే తింటున్నాయి మరి.

ఇక్కడ నిరాశపడి కాగితం మడిచేయకండి. నాలుగు నెలలకోసారి మార్చే సెల్స్‌ని ఇప్పుడు ఇరవై నెలలకోసారి మారుస్తారు. ఐదేళ్లలో పదిహేనుసార్లు నిచ్చెనెక్కాల్సిన మనిషి మూడుసార్లు ఎక్కితే చాలు. రెండొందల ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌కి ఈ లెక్క వేసి చూడండి. కొనేవాడు డబ్బిచ్చేది న్యూరాన్లకి కాదు, ఆ తప్పిన తిరుగుడికి. చిప్ కోసం అదనంగా పెట్టే ఖర్చు అంతకంటే తక్కువైతేనే ఇందులో వ్యాపారం ఉంది.

ఇదే లెక్క కెమెరాకి వేద్దాం. సెన్సర్ 50, చిప్ 20, రేడియో 30, మొత్తం 100 మిల్లీవాట్లు. చిప్‌ని వంద రెట్లు తగ్గిస్తే 80.2. అవే సెల్స్ 75 గంటలకి బదులు 93 గంటలు వస్తాయి. దీనికోసం ఎవరూ కొత్త చిప్ కొనరు. సెన్సర్ కూడా మారాలి. ప్రొఫెసీ అనే సెన్సర్ల కంపెనీ, సోనీ కలిసి తయారుచేసిన ఈవెంట్ సెన్సర్లు అందుకే ముఖ్యమని నాకనిపిస్తుంది. వాటిలో వెలుతురు మారిన పిక్సెల్ మాత్రమే నోరు విప్పుతుంది. రాత్రి తాళం వేసిన గోడౌన్‌లో అది వరం. అదే కెమెరాని రద్దీ చౌరస్తాలో పెడితే పిక్సెళ్లన్నీ ఒకేసారి మాట్లాడతాయి, ఆదా కరిగిపోతుంది.

నిజంగా జరిగిన ఒక ప్రయోగం చూడండి. మెర్సిడెస్ 2022లో చూపించిన విజన్ ఈక్యూఎక్స్ఎక్స్ కారులో ‘హే మెర్సిడెస్’ అన్న పిలుపుని గుర్తుపట్టడానికి బ్రెయిన్‌చిప్ కంపెనీ అకీడా చిప్ వాడారు. మామూలు పద్ధతి కంటే ఐదు నుంచి పది రెట్లు పొదుపు అని చెప్పారు. వాళ్లు ఎంచుకున్న పని గమనించారా? రోజంతా చెవి ఒగ్గి ఉండాలి, పిలుపు మాత్రం ఎప్పుడో ఒకసారి వస్తుంది. మన కిటికీ పరికరం చేసేదీ సరిగ్గా అదే.

ఇంటిపని: మీకు తెలిసిన ఒక పరికరం తీసుకోండి. సెన్సర్, చిప్, రేడియో అని మూడు వరుసలు రాసి, ఒక్కోటి సగటున ఎంత తింటుందో పక్కన వేయండి. మొత్తంలో చిప్ వాటా సగం కంటే తక్కువుంటే, చిప్ మార్చినా బ్యాటరీ రెండింతలు కూడా రాదు. తర్వాత, రోజులో ఎన్ని గంటలు అక్కడ ఏమీ జరగదో రాయండి. ఆ కాగితం దాచుకోండి. మామూలు ఏఐ మోడల్‌ని స్పైకుల పద్ధతిలోకి మార్చడానికి ఇంజనీర్ల సమయం ఎంత పడుతుందో వచ్చే పాఠంలో చూసి, ఆ ఖర్చుని దాని కిందే కలుపుదాం.