డిలే లైన్ మొండికేస్తే: సమస్య - పరిష్కారం

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు ఈసీఈ ఫైనల్ ఇయర్‌లో డిజిటల్ డిలే లైన్‌ను ప్రాజెక్టుగా తీసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మంచి ఎంపిక. కోడ్ మారిస్తే సిగ్నల్ ఆలస్యం మారాలి, పైకి పని ఇంతే. గేట్లు వరసగా పేర్చి, మధ్యమధ్యలో ట్యాపులు (బయటికి తీసే తీగలు) తీసి, మక్స్‌తో, అంటే కోడ్‌ను బట్టి ఒక దారిని ఎంచే స్విచ్‌తో, ఒకటి ఎంచుకుంటే అయిపోయినట్టే ఉంటుంది. తీరా రివ్యూ దగ్గరపడ్డాక ఒక్కొక్క సమస్యా బయటపడి టెన్షన్ పెడుతుంది.

సమస్య: సింథసిస్ తర్వాత డిలే లైనే మాయం

కారణం: పక్కపక్కన రెండు ఇన్వర్టర్లు (0ని 1గా, 1ని 0గా తిప్పే గేట్లు) ఉంటే లాజిక్ పరంగా అవి ఉన్నా లేనట్టే. అందుకే సింథసిస్ టూల్, అంటే కోడ్‌ను గేట్లుగా మార్చే సాఫ్ట్‌వేర్, వాటిని తీసేస్తుంది. హార్డ్‌వేర్‌ను వర్ణించే భాష వెరిలాగ్‌లో మీరు హ్యాష్ గుర్తుతో రాసిన ఆలస్యాలు సిమ్యులేషన్‌కే పనికొస్తాయి.

పరిష్కారం: లైబ్రరీ సెల్‌ను (రెడీమేడ్ గేటును) పేరుతో నేరుగా పెట్టి, దాన్ని ముట్టుకోవద్దని టూల్‌కు చెప్పే డోంట్ టచ్ ఇవ్వండి. తర్వాత నెట్‌లిస్ట్ (టూల్ ఇచ్చే గేట్ల జాబితా) తెరిచి ఇన్వర్టర్లు లెక్కపెట్టుకోండి.

సమస్య: కోడ్ మార్చగానే అవుట్‌పుట్‌లో సన్నటి పల్స్

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. ఆ గ్లిచ్ క్లాక్ దారిలో పడితే అవతలి ఫ్లిప్‌ఫ్లాప్ దాన్ని అసలు అంచు అనుకుని ఒక లెక్క ఎక్కువ వేసుకుంటుంది.

కారణం: మక్స్ ట్యాప్ మారే క్షణంలో పాత ట్యాప్ 1లో, కొత్తది 0లో ఉండటం. గూడూరు జంక్షన్‌లో బండి దాటుతుండగానే పాయింటును రేణిగుంట లైనుకు తిప్పినట్టన్నమాట. బైనరీ కోడ్‌తో ఇంకా కష్టం. 0111 నుంచి 1000కి వెళ్లాలంటే నాలుగు బిట్లూ మారాలి. అవి ఒకేసారి మారవు కాబట్టి మధ్యలో సంబంధం లేని కోడ్ ఒకటి వచ్చిపోతుంది. మామూలు సిమ్యులేషన్‌లో ఇది కనిపించదు, గేట్ లెవెల్‌లో అసలు ఆలస్యాలతో నడిపితేనే దొరుకుతుంది.

పరిష్కారం: థర్మామీటర్ కోడ్ వాడండి, అందులో పాదరసం ఎక్కినట్టు 1లు ఒక చివర నుంచి వరసగా నిండుతాయి. ఒక మెట్టు జరిగితే ఒక్క బిట్టే మారుతుంది. 16 మెట్లకు 15 తీగలు కావాలి, అయినా ఆ ఏరియా ఖర్చు పెట్టదగ్గదే. రెండోది, ఎప్పుడు మార్చాలన్నది. 100 మెగాహెర్ట్జ్ క్లాక్ సగం పీరియడ్, అంటే 5 నానోసెకన్లు, 0లో ఉంటుంది. పక్కపక్క ట్యాపుల మధ్య తేడా 200 పికోసెకన్లు అనుకుంటే, రెండూ కలిసి 0లో ఉండే సమయం 4.8 నానోసెకన్లు. కోడ్ ఆ కిటికీలోనే మారాలి. అందుకని కోడ్ రిజిస్టర్‌కు, అవుట్‌పుట్ కిందికి పడ్డాక ఇంకాస్త ఆలస్యంగా వచ్చే అంచుతో క్లాక్ ఇవ్వండి. దూరపు ట్యాప్‌కు ఒక్కసారి దూకితే కిటికీ కుంచించుకుపోతుంది, ఒక్కో మెట్టే కదలండి.

సమస్య: కోడ్ పెంచితే ఆలస్యం తగ్గింది

కారణం: ఎక్కువ ఆలస్యమిచ్చే పెద్ద మెట్లు, వాటి మధ్య సర్దే చిన్న మెట్లు కలిసే చోట లెక్క కుదరలేదు. చిన్న మెట్ల మొత్తం ఒక పెద్ద మెట్టును మించితే ఆ హద్దులో ఆలస్యం వెనక్కి పడుతుంది. తక్కువైతే ఖాళీ మిగులుతుంది, అంటే మధ్యలో కొన్ని ఆలస్యాలు ఏ కోడ్‌కూ దొరకవు. ఖాళీ కన్నా కాస్త అతివ్యాప్తే నయమని నా అభిప్రాయం. అతివ్యాప్తిని కాలిబ్రేషన్‌తో సర్దుకోవచ్చు, చిప్ తయారయ్యాక ఖాళీని పూడ్చలేం.

పరిష్కారం: చిన్న మెట్ల మొత్తాన్ని అన్ని కార్నర్లలోనూ (తయారీ, వోల్టేజ్, ఉష్ణోగ్రతల అతి వేగం, అతి నెమ్మది పరిస్థితుల్లో) పెద్ద మెట్టు కన్నా కొంచెం ఎక్కువ ఉంచండి. సెల్స్‌ను టూల్ ఇష్టానికి వదలకుండా ఒకే వరసలో పెట్టి, ప్రతి ట్యాప్‌కూ ఒకే లోడ్ ఇవ్వండి. చివరి ట్యాప్‌కూ అదే లోడ్ పడేలా దాని తర్వాత ఒక డమ్మీ గేటు కూడా ఉండాలి.

సమస్య: పొద్దున ఒక ఆలస్యం, మధ్యాహ్నం ఇంకొకటి

కారణం: ఉష్ణోగ్రత, వోల్టేజ్. మే నెలలో కరెంటు పోయి ల్యాబ్‌లో ఏసీ ఆగితే తేడా స్కోపు మీదే కనిపిస్తుంది. సాధారణంగా వేడికి గేట్లు నెమ్మదిస్తాయి, సప్లై వోల్టేజ్ బాగా తక్కువైతే తిరగబడి వేగం పెరగనూవచ్చు. ఒక చిప్‌కూ ఇంకో చిప్‌కూ తేడా ఉండనే ఉంది.

పరిష్కారం: డిలే లైన్ పక్కనే అవే సెల్స్‌తో ఒక రింగ్ ఆసిలేటర్, అంటే బేసి సంఖ్యలో ఇన్వర్టర్లను గుండ్రంగా కలిపి తనంతట తానే ఊగే సర్క్యూట్, పెట్టండి. 25 ఇన్వర్టర్ల రింగ్ 200 మెగాహెర్ట్జ్ దగ్గర తిరిగితే పీరియడ్ 5 నానోసెకన్లు. ఒక పీరియడ్‌లో సిగ్నల్ రింగ్‌ను రెండుసార్లు చుడుతుంది కాబట్టి దాన్ని 50తో భాగిస్తే ఒక్కో ఇన్వర్టర్‌కు 100 పికోసెకన్లు. రింగ్‌ను 1024తో డివైడ్ చేసి పిన్‌కు తెస్తే సుమారు 195 కిలోహెర్ట్జ్ వస్తుంది, మామూలు ల్యాబ్ స్కోపుకు అది చాలు. డిలే లైన్ కన్నా ముందు ఈ కొలిచే సర్క్యూట్‌నే డిజైన్ చేయమంటాను. ఆర్టిక్స్-7 ఎఫ్‌పీజీఏ బోర్డులో ఐడిలే (చిప్‌లోనే ఉండే రెడీమేడ్ డిలే లైన్) వాడేవాళ్లకు ఈ సర్దుబాటు లోపలే జరుగుతుంది. 200 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌తో ట్యాప్‌కు 78 పికోసెకన్లు, మొత్తం 32 ట్యాపులు. ఆ సర్దుబాటు చేసే ఐడిలే కంట్రోల్ బ్లాకును పెట్టడం మాత్రం మరవకండి.

సమస్య: పల్స్ సన్నబడుతోంది

కారణం: పైకి లేచే అంచుకూ కిందికి పడే అంచుకూ ఆలస్యం ఒకటి కాదు. బఫర్ల వరసలో ఈ తేడా పోగుపడుతుంది.

పరిష్కారం: ఒకేలాంటి ఇన్వర్టర్లను జంటలుగా వాడండి. ఒకదాని తేడాను రెండోది చాలావరకు కొట్టేస్తుంది.

సమస్య: డీఎల్‌ఎల్ లాక్ అయింది, ఆలస్యం మాత్రం రెట్టింపు

కారణం: డీఎల్‌ఎల్ (డిలే లాక్డ్ లూప్) అంటే ఆలస్యాన్ని సరిగ్గా ఒక క్లాక్ పీరియడ్‌కు తనే సర్దుకునే సర్క్యూట్. అందులో అంచులను పోల్చే ఫేజ్ డిటెక్టర్‌కు అవి కలిశాయా లేదా అన్నదే తెలుసు. ఒక పీరియడ్ ఆలస్యమైనా రెండైనా దానికి ఒకటే.

పరిష్కారం: రీసెట్‌లో కనిష్ఠ ఆలస్యం నుంచి మొదలుపెట్టి, మొదటి లాక్ దొరికేదాకా పైకే నడిపించండి. అతి వేగమైన కార్నర్‌లో గరిష్ఠ ఆలస్యం ఒక పీరియడ్‌ను దాటాలి, అతి నెమ్మది కార్నర్‌లో కనిష్ఠం పీరియడ్ కన్నా తక్కువే ఉండాలి. మొదటిది తప్పితే కోడ్ చివరి మెట్టుకు అతుక్కుపోయి అక్కడే ఉండిపోతుంది, రెండోది తప్పితే మళ్లీ రెండు పీరియడ్ల దగ్గరే లాక్ కావచ్చు.