ఏఐ మోడల్ తర్కం తప్పుతోందా? ఏజెంట్లు కలిసి పనిచేయట్లేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

ఏది మార్చాలన్నా ముందు కొలత ఉండాలి. జవాబు ఖాయంగా తెలిసిన ప్రశ్నలు ఓ యాభై, మీ పనిలోంచే ఏరి పెట్టుకోండి. ఒక్కో ప్రశ్ననూ ఐదుసార్లు అడిగి, ఎన్ని ఒప్పో, ఎన్ని టోకెన్లు (మోడల్ చదివే, రాసే మాటల ముక్కలు) ఖర్చయ్యాయో రాసుకోండి. ఈ రెండు అంకెలూ లేకుండా ప్రాంప్ట్ (మోడల్‌కు ఇచ్చే ఆదేశం) మార్చినా, ఏజెంట్లను (అప్పగించిన పనిని తమంతట తాము చేసే మోడళ్లను) పెంచినా, బాగుపడిందో చెడిందో తేల్చుకోలేరు.

ఒకే ప్రశ్నకు ఒక్కోసారి ఒక్కో జవాబు

మోడల్ ప్రతి టోకెన్‌నూ సంభావ్యతను బట్టి ఎంచుకుంటుంది. మధ్యలో ఒక్క అడుగు పక్కదారి పడితే మిగతా అడుగులన్నీ ఆ తప్పు మీదే నడుస్తాయి. దీనికి 2022లో గూగుల్ పరిశోధకులు చూపిన మందు సెల్ఫ్ కన్సిస్టెన్సీ: ఒకే ప్రశ్నకు చాలా సమాధానాలు విడివిడిగా రాయించి, ఎక్కువసార్లు వచ్చిన జవాబును తీసుకోవడం. గూగుల్ వారి పామ్ 540బి మోడల్ మీద, జీఎస్ఎమ్8కే అనే బడి లెక్కల పరీక్షలో ఇది దాదాపు 56 శాతాన్ని 74 శాతానికి తీసుకెళ్లింది.

టెంపరేచర్ (జవాబులు ఎంత మారుతూ రావాలో చెప్పే అమరిక) 0.7 దగ్గర పెట్టి ఐదు నుంచి పది సమాధానాలతో మొదలుపెట్టండి. కొన్ని రీజనింగ్ మోడళ్లు (జవాబుకు ముందు అడుగడుగునా ఆలోచన రాసుకునేవి) టెంపరేచర్ మార్చనివ్వవు, అప్పుడు ఆ మెట్టు వదిలేయండి. చివరి వరుసలో "జవాబు:" తర్వాత అంకె తప్ప ఇంకేమీ రాయొద్దని ప్రాంప్ట్‌లో చెప్పండి. ఓట్లు లెక్కించే ముందు అంకెలన్నిటినీ ఒకే రూపంలోకి మార్చాలి. 1,90,000, 190000, ౧౯౦౦౦౦, 1.9 లక్షలు: నాలుగూ ఒకటే అయినా ప్రోగ్రామ్‌కు నాలుగు వేర్వేరు జవాబులు. చాలామంది వదిలేసే మెట్టు ఇదే, ఒప్పు జవాబు ఓడిపోయేదీ ఇక్కడే.

పది ఓట్లూ 4, 3, 3గా చీలితే గెలిచినదాన్ని నమ్మకండి. ఆ ప్రశ్నను మనిషికి పంపండి. వ్యాసాలకు, సారాంశాలకు ఈ పద్ధతి నేరుగా పనికిరాదు, ఎందుకంటే అక్కడ రెండు జవాబులు అక్షరాలా ఒకటి కావు.

అక్కర్లేని మాట చేరిస్తే లెక్క తప్పడం

2024 అక్టోబరులో ఆపిల్ పరిశోధకులు ఇచ్చిన లెక్క చూడండి. ఆలివర్ శుక్రవారం 44 కివీ పళ్లు కోశాడు, శనివారం 58 కోశాడు, ఆదివారం శుక్రవారానికి రెట్టింపు కోశాడు; ఆదివారం పళ్లలో ఐదు కాస్త చిన్నవి. మొత్తం ఎన్ని? 44, 58, 88 కలిపితే 190. చిన్నవైనా పళ్లు పళ్లే కదా. కొన్ని మోడళ్లు ఆ ఐదునూ తీసేసి 185 అన్నాయి. శిక్షణలో చూసిన లెక్కల్లో ప్రతి అంకెకూ ఏదో పని ఉంటుంది కాబట్టి, కనిపించిన అంకెనల్లా వాడేయడం మోడల్‌కు అలవాటై ఉండొచ్చు. ఇలాంటి ఒక్క వాక్యం చేరిస్తే కొన్ని మోడళ్ల ఒప్పుల శాతం 65 పాయింట్ల దాకా తగ్గిపోయింది.

పనిని రెండు విడతలు చేయండి. మొదట, ప్రశ్నలోని ప్రతి వాస్తవాన్నీ రాసి, అడిగినదానికి అది అవసరమో కాదో ఒక్క ముక్కలో కారణంతో చెప్పమనండి. తర్వాత, అవసరమని తేలినవాటితోనే లెక్క చేయించండి. కూడికలు, గుణకారాలు పైథాన్ కోడ్‌తో చేయిస్తే మేలు.

"మళ్లీ సరిచూసుకో" అంటే ఒప్పును తప్పుగా మార్చడం

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసే లక్షణం ఇది, పైకి చూస్తే శ్రద్ధలా ఉంటుంది కాబట్టి. 2023 అక్టోబరులో గూగుల్ డీప్‌మైండ్, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని కొలిచారు. జీఎస్ఎమ్8కే ప్రశ్నల మీద జీపీటీ-4 మొదట 95.5 శాతం ఒప్పు చెప్పింది. బయటి నుంచి ఏ సమాచారమూ ఇవ్వకుండా ఒకసారి సరిచూసుకోమంటే 91.5కు, రెండోసారి అడిగితే 89కి దిగింది. తప్పు ఎక్కడుందో కనిపెట్టే కొత్త ఆధారం మోడల్ దగ్గర లేదు. "సరిచూసుకో" అన్న మాటే, ఏదో తప్పు జరిగిందన్న సూచనగా పనిచేస్తుంది.

కాబట్టి దిద్దుబాటుకు ఆధారం బయటి నుంచే రావాలి. కోడ్ అయితే టెస్టులు నడపండి. సమీకరణమైతే వచ్చిన విలువను తిరిగి అందులో పెట్టి చూడండి. వాస్తవమైతే మూల పత్రంలోని వాక్యాన్ని పక్కన పెట్టండి. ఇవన్నీ నెగ్గితే జవాబును కదపకండి. ఓడితేనే మోడల్‌ను మళ్లీ పిలవండి, అప్పుడు కూడా "తప్పు" అని ఊరుకోకుండా ఓడిన టెస్టు, ఇచ్చిన విలువ, రావాల్సిన విలువ మూడూ చూపించండి. మూడు ప్రయత్నాల్లో తేలకపోతే పాత సంభాషణ పారేసి కొత్తగా మొదలుపెట్టండి, లేకపోతే పాత తప్పులే కొత్త ప్రయత్నాన్ని లాగుతుంటాయి.

ముగ్గురు ఏజెంట్లు చర్చించి తప్పు మీదే ఏకమవడం

2023 మేలో ఎంఐటీ, గూగుల్ బ్రెయిన్ పరిశోధకులు మోడళ్ల మధ్య చర్చ పెట్టి ఫలితాలు మెరుగుపడ్డాయని చూపారు. ఎవరికి వారు జవాబు రాసి, ఒకరిది ఒకరు చదివి, మళ్లీ రాస్తారు. ఆలోచన మంచిదే. పైన చెప్పిన 2023 అక్టోబరు పరిశోధన దాన్ని సమాన ఖర్చుతో పోల్చింది: తొమ్మిది సమాధానాలు ఖర్చు చేసిన చర్చకు 83 శాతం, విడివిడిగా రాయించిన తొమ్మిదింటికి ఓటు వేయించిన సెల్ఫ్ కన్సిస్టెన్సీకి 88.2. అంటే చర్చ వల్ల వచ్చిందనుకున్న లాభం, ఎక్కువసార్లు అడగడం వల్లే వచ్చి ఉండొచ్చు.

ఒకే మోడల్‌కు మూడు పేర్లు పెడితే మూడు అభిప్రాయాలు రావు, ఒకే గుడ్డిమచ్చ మూడుసార్లు వస్తుంది. దానికి తోడు ఎదుటివారు గట్టిగా చెప్పినదానికి తలూపే గుణం మోడళ్లలో ఉంది. అందుకని మొదటి జవాబులు ఒకరివి ఒకరికి కనబడకుండా రాయించండి. రెండో విడతలో ఎవరు రాశారో, ఎందరు ఒప్పుకున్నారో దాచి, వాదనలు మాత్రమే చూపించండి. వీలైతే వేర్వేరు సంస్థల మోడళ్లు వాడండి. జవాబు మార్చిన ఏజెంట్ ఏ అడుగులో తప్పు కనిపించి మార్చిందో రాయాలి, రాయలేకపోతే ఆ మార్పును లెక్కలోకి తీసుకోకండి. ఇంత చేసినా, అంతే ఖర్చుతో వేసిన ఓటును చర్చ దాటకపోతే చర్చను తీసేయడమే సరైన పని.

పని పంచినా ముగియకపోవడం, ఒకే పని ఇద్దరు చేయడం

2025 మార్చిలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు బహుళ ఏజెంట్ వ్యవస్థల వైఫల్యాలను 14 రకాలుగా గుర్తించి, మూడు గుంపులు చేశారు: పని నిర్దేశంలో లోపం, ఏజెంట్ల మధ్య పొంతన లేకపోవడం, ఫలితాన్ని సరిచూసి ఆపడంలో లోపం. మీ లాగ్ (ఏజెంట్లు ఏ అడుగులో ఏం చేశాయో రాసి ఉన్న చిట్టా) తీసి, ఆగిపోయిన చోటు ఈ మూడింట్లో ఏ గుంపుదో ముందు తేల్చండి. "మార్కెట్ గురించి వెతుకు" లాంటి అప్పగింతే చాలాసార్లు దోషి. ప్రతి అప్పగింతలో లక్ష్యం, ఫలితం ఏ రూపంలో కావాలి, ఏ టూల్స్ (వెతుకులాట, కోడ్ నడపడం లాంటివి) వాడొచ్చు, ఏవి ఇంకొకరి పని, ఎప్పుడు ముగిసినట్టు అన్నవి ఉండాలి. విడతలకు పరిమితి పెట్టండి. తుది పత్రం ఒక్కరే రాయాలి. బహుళ ఏజెంట్ వ్యవస్థలు మామూలు చాట్ కన్నా దాదాపు 15 రెట్లు టోకెన్లు తింటాయని ఏఐ సంస్థ ఆంత్రోపిక్ 2025 జూన్‌లో చెప్పింది. విడివిడిగా సాగే వెతుకులాటకు ఆ ఖర్చు గిట్టుబాటు కావచ్చు, ఒకదాని మీద ఒకటి ఆధారపడే అడుగులకు కాదు.

రెండు జవాబుల్లో ముందున్నదే గెలవడం

రెండు జవాబుల్లో ఏది మేలో తీర్పు చెప్పమని మోడల్‌నే అడిగితే, దానికి వరుస మీద పక్షపాతం ఉంటుంది. అవే రెండు జవాబులను తారుమారు చేసి మళ్లీ అడగండి. తీర్పు మారితే సమానమని రాసుకోండి.

తెలుగులో అడిగితే తర్కం బలహీనపడటం

2022లో వచ్చిన ఎంజీఎస్ఎమ్ పరీక్షలో 250 లెక్కలను పది భాషల్లోకి అనువదించారు, వాటిలో తెలుగు ఒకటి. కొలిచి చూసుకోవడానికి అది సిద్ధంగా ఉంది. శిక్షణలో తెలుగు పాఠ్యం తక్కువ. పైగా తెలుగు మాట ఎక్కువ టోకెన్లుగా ముక్కలవుతుంది కాబట్టి, జవాబుకు పెట్టిన టోకెన్ల పరిమితి చిన్నదైతే జవాబు రాకముందే తర్కం తెగిపోతుంది. ముందు ఆ పరిమితి పెంచి చూడండి. తర్వాత ప్రశ్న తెలుగులో, తర్కం ఇంగ్లీషులో, జవాబు తెలుగులో అన్న పద్ధతిని పూర్తి తెలుగు పద్ధతితో పోల్చండి. మీ యాభై ప్రశ్నల్లో "పావుతక్కువ మూడు", "ఒకటిన్నర లక్ష", "ఎల్లుండి" లాంటివి కొన్ని తప్పకుండా చేర్చండి. మోడల్ వాటిని 2.75, 1,50,000, రెండు రోజుల తర్వాత అని రాసిందో లేదో మొదటి అడుగులోనే చూడండి. అక్కడ తప్పితే లోపం తర్కంలో కాదు, చదవడంలో ఉన్నట్టు, అప్పుడు ఓట్లు ఎన్ని వేయించినా లాభం ఉండదు.