నాన్న అంబాసిడర్‌కు తాళం తిప్పే ముందు

నల్లగొండ ఇంట్లో రేకుల షెడ్డు కింద ఏళ్లుగా పడి ఉన్న కారు. తాళం తిప్పాలని చెయ్యి లాగుతుంది, కానీ ఆగండి.

• బానెట్ కింద, సీట్ల కింద కర్రతో తట్టి చూడండి. ఎలుకలు కొరికిన వైర్లే కాదు, తేళ్లూ ఉంటాయి.

• బ్యాటరీ నెగటివ్ వైరు మొదట విప్పాలి.

• పాత పెట్రోల్ పొద్దున్నే, ఆరుబయటే తీయండి. బీడీ కాల్చే మేస్త్రీని దూరంగా కూర్చోబెట్టండి.

• స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్‌ను చేత్తో తిప్పాలి. తిరగకపోతే మళ్లీ ఆయిల్, మళ్లీ ఓపిక. బలవంతం చేస్తే పిస్టన్ రింగులు విరుగుతాయి. నేను తొందరపడింది ఇక్కడే.

• జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టండి, చక్రాలకు రాళ్లు అడ్డం వేయండి.

• షెడ్డు తలుపు మూసి ఇంజిన్ నడపొద్దు. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

• బ్రేకులు సరిగ్గా పట్టేదాకా, ఆర్‌సీ రెన్యువల్ అయ్యేదాకా గేటు దాటించొద్దు.