వర్డ్‌ప్రెస్‌లో పోస్టులు పెరిగిపోయాక సర్దుకోవడం ఎలా

వంటల సైటు పెట్టినవాళ్లలో చాలామంది మొదట్లో కేటగిరీల జోలికే వెళ్లరు. రాసింది రాసినట్టు పబ్లిష్ కొట్టేస్తారు, తీరా రెండు మూడొందల పోస్టులయ్యాక గోంగూర పచ్చడి ఎక్కడుందో వాళ్లకే దొరకదు. అందుకే, కోడింగ్ రాకపోయినా సైటు నడుపుకోనిచ్చే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ పోస్టుల్ని ఎలా సర్దుకోవాలో వంటల సైటునే ఉదాహరణగా తీసుకుని చెప్తాను. జూమ్లా, ద్రూపల్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకు బటన్లు వేరుగా ఉంటాయి గానీ పని మాత్రం దాదాపు ఇదే.

ముందు బ్యాకప్. డ్యాష్‌బోర్డ్‌లో, అంటే మీరు లాగిన్ అయి సైటు నడిపే తెరలో, టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు వస్తుంది, కానీ అందులో రాతే ఉంటుంది, ఫొటోల ఫైళ్లు ఉండవు. కాబట్టి మీ సైటుకు సర్వర్‌లో చోటిచ్చిన కంపెనీ హోస్టింగ్ ప్యానెల్ నుంచి పూర్తి బ్యాకప్ కూడా తీసిపెట్టుకోండి.

ఇప్పుడు డ్యాష్‌బోర్డ్ పక్కన పెట్టి కాగితం తీసి, మీకు ఏ కేటగిరీలు, ఏ ట్యాగులు కావాలో రాసుకోండి. కేటగిరీ, ట్యాగ్ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది. కేటగిరీ అంటే ఆ వంట ఏ రకం అన్నది: టిఫిన్లు, కూరలు, పులుసులు, పచ్చళ్లు, పిండివంటలు. కేటగిరీ కింద ఉపకేటగిరీ పెట్టుకోవచ్చు, పచ్చళ్ల కింద రోటి పచ్చళ్లు, నిల్వ పచ్చళ్లు అన్నట్టు. ట్యాగులకు ఈ పై అంతస్తు, కింది అంతస్తు లేదు. అందులో ఏం వేస్తారు, ఏ పండగకు చేస్తారు, ఏ ప్రాంతంది, ఇవన్నీ ట్యాగులు. సకినాలు పిండివంటలు కేటగిరీలోకి వెళ్తాయి, సంక్రాంతి, తెలంగాణ అనేవి వాటికి ట్యాగులవుతాయి. ఇలా పెడితే సంక్రాంతి ట్యాగు నొక్కినవాళ్లకు సకినాలు, అరిసెలు, చక్కెర పొంగలి అన్నీ ఒకేచోట కనిపిస్తాయి, దానికోసం వేరే కేటగిరీ అక్కర్లేదు.

ఒక పోస్టుకు ఎన్ని కేటగిరీలైనా టిక్ పెట్టనిస్తుంది వర్డ్‌ప్రెస్. నన్నడిగితే ఒక్కటే పెట్టండి. ఎటూ తేలనివి కొన్ని ఉంటాయి లెండి, ఉగాది పచ్చడి పేరుకే పచ్చడి, దాన్ని అన్నంలో కలుపుకోరు కదా! అలాంటప్పుడు కొత్తగా వచ్చిన మనిషి ఎక్కడ వెతుకుతాడో అక్కడ పెట్టేయండి, అంతే. మన గురించి, సంప్రదించండి లాంటివి మాత్రం పోస్టులుగా కాదు, పేజీలుగా ఉండాలి.

తెలుగు సైట్లకు ప్రత్యేకంగా ఉండే తిప్పలు రెండు. మొదటిది స్పెల్లింగు. ఒకసారి వంకాయ, ఇంకోసారి వంకాయలు, మరోసారి గుత్తొంకాయ అని ట్యాగు కొడితే వర్డ్‌ప్రెస్‌కు అవి మూడు వేర్వేరు ట్యాగులు, మూడు పేజీలు. ఏ రూపం వాడాలో ముందే ఒక షీట్‌లో రాసిపెట్టుకుని దాన్నే పట్టుకోండి, ఇద్దరు ముగ్గురు రాసే సైటైతే ఇది తప్పదు.

రెండోది స్లగ్, అంటే లింకులో చివర వచ్చే పేరు. తెలుగులో టైటిల్ పెడితే స్లగ్ కూడా తెలుగులోనే వస్తుంది, బ్రౌజర్‌లో చక్కగానే కనిపిస్తుంది, కానీ కాపీ చేసి వాట్సాప్‌లో పడేస్తే చాలాసార్లు శాతం గుర్తులతో చాంతాడంత అవుతుంది. ఎందుకంటే లోపల ఒక్కో తెలుగు గుర్తు 9 స్థానాలు తీసుకుంటుంది, గుణింతాలూ సున్నా కూడా విడివిడిగానే లెక్క. గోంగూర అనే చిన్న మాటకే 54 స్థానాలు పోతాయి. స్లగ్‌కు ఉన్న పరిమితి 200, అంటే 22 గుర్తులకే చోటు, ఆ తర్వాతది తెగిపోతుంది. అందుకని స్లగ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా, మాటల మధ్య హైఫన్ పెట్టి మీరే టైప్ చేయండి. పబ్లిష్ అయిన పోస్టు స్లగ్ మారిస్తే పాత లింకు నొక్కినవాళ్లను వర్డ్‌ప్రెస్ తనే కొత్తదానికి పంపుతుంది. కేటగిరీ స్లగ్‌కు ఆ సదుపాయం లేదు, దానికి రీడైరెక్షన్ లాంటి ప్లగిన్, అంటే వర్డ్‌ప్రెస్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, కావాలి. కొత్త సైటైతే సెట్టింగ్స్‌లో లింకుల రూపం ఎంచుకునే పెర్మాలింక్స్‌లో పోస్ట్ నేమ్ ఎంచుకోండి, లింకులో కేటగిరీ పేరు ఉంటే కేటగిరీ మార్చినప్పుడల్లా లింకూ మారుతుంది. పాత సైటైతే ఉన్నదాన్ని కదపకండి.

ఇక అసలు సర్దుడు. పోస్టుల లిస్టులో పేజీకి 20 మాత్రమే చూపిస్తుంది, పైన స్క్రీన్ ఆప్షన్స్‌లో దాన్ని 100 చేసుకోండి. ఒకే రకం పోస్టులన్నిటికీ టిక్ పెట్టి, బల్క్ యాక్షన్స్‌లో ఎడిట్ ఎంచుకుని అప్లై నొక్కితే అన్నిటికీ ఒకేసారి కేటగిరీ, ట్యాగులు చేర్చవచ్చు. పనికిరాని కేటగిరీని డిలీట్ చేయడానికి భయపడక్కర్లేదు, పోస్టులు పోవు. వేరే కేటగిరీ లేనివన్నీ డిఫాల్ట్ కేటగిరీలోకి వెళ్తాయి. ఆ డిఫాల్ట్‌ను తీసేయలేం గానీ అన్‌కేటగరైజ్డ్ అనే పేరు మార్చుకోవచ్చు, లేదా సెట్టింగ్స్‌లో రైటింగ్‌కి వెళ్లి డిఫాల్ట్‌గా ఇంకోదాన్ని పెట్టుకోవచ్చు.

ఫొటోలకు మీడియా లైబ్రరీలో ఫోల్డర్లు ఉండవు, సర్వర్‌లో సంవత్సరం, నెల వారీగా పడతాయి. వాట్సాప్ పెట్టిన అంకెల పేరుతోనే ఎక్కిస్తే తర్వాత ఎంత వెతికినా దొరకవు, కాబట్టి ఎక్కించేముందే వంట పేరు పెట్టేయండి.

చివరగా మెనూ. కొత్తగా చేసిన కేటగిరీలు మామూలుగా మెనూలోకి వాటంతటవి రావు, మీరే చేర్చాలి. అన్నీ చేర్చేయకండి, మొబైల్‌లో వేలితో కిందికి లాగుతూనే ఉండాల్సి వస్తుంది. పైస్థాయి కేటగిరీలు ఐదారు, పక్కన సెర్చ్ బాక్సు ఉంటే చాలు. రెండే పోస్టులున్న కేటగిరీ అయితే ఇంకో నాలుగైదు రాసేదాకా మెనూలో పెట్టకండి.